తిరగలి నోట్లో చక్రం

పగలంతా నేను చూడని నోళ్ళకి పళ్ళు చేస్తాను.
షెఫీల్డ్‌లో, ట్రాము మలుపు తిరిగేచోట,
మేడ మీద ల్యాబు.
డబ్బాలో అచ్చు వస్తుంది, దానితో ఒక చీటీ:
పై వరస, ఎడమ వైపు, రెండు.
అంతకు మించి ఆ మనిషి గురించి ఏమీ తెలియదు.

సాయంత్రం ఆరు దాటాక
అదే మైనపు కత్తితో బండి పొట్టకి పలక చెక్కుతాను.
మూరెడు బండి. రిమోట్ నొక్కితే రాళ్ళెక్కేది.
కొన్ననాటి ఒంట్లో
ఇప్పుడు మిగిలింది మోటారు, రెండు మరలు,
ఇంకా అట్టపెట్టె మీది బొమ్మ.

లింకులు విరిగిన గొడుగు కాడలోంచి వచ్చాయి.
బంపరు పాత స్టీలు స్కేలు,
పదకొండో సెంటీమీటరు దగ్గర వంచాను.
టైర్లలో స్పాంజి నేనే కోసి కూరాను,
లోపల గట్టిది, పైన మెత్తది.
పొట్ట కింద పలక మాత్రం కోబాల్టు క్రోమియం,
పళ్ళసెట్లు పోశాక మిగిలిన తునకలు కరిగించి పోసింది.
మా యజమాని గ్రెటా ప్రీస్ట్‌లీ దాన్ని వెలుతురుకి పట్టి
"ఇదెవరి నోటికి?" అంది.
"రాళ్ళు తినేవాడికి" అన్నాను.
నవ్వలేదు.
లోహం ఖరీదు జీతంలో కోసుకుంది.
అంచు నునుపు బాగా కుదిరిందని మాత్రం ఒప్పుకుంది.

మొదట్లో అన్నీ తప్పులే.
నెత్తి మీద బుట్ట, దీపాలు, చిట్టి నిచ్చెన,
పెళ్ళికొడుకు కారులా ముస్తాబు చేశాను.
గుమ్మం మెట్టెక్కమంటే వెల్లకిలా పడేది.
పక్కింటి క్రోషా,
నలభై ఏళ్ళు ఆకురాళ్ళకి గంట్లు కోసిన మనిషి,
గోడ మీదుగా అంతా చూసి
ఇత్తడి తలుపు గుబ్బ ఒకటి నా చేతిలో పెట్టాడు.
"బరువు కిందికి దించు. ముందుకి."
అంతే, టీ చల్లారుతోందని లోపలికి పోయాడు.

గుబ్బని లేత్ మీద తిప్పి రెండు ఉంగరాలు తీశాను,
ముందు చక్రాల లోపల తొడిగాను,
ఒక్కోటి తొంభై రెండు గ్రాములు.
నిండు కుండ తొణకదంటారు గానీ
ఎక్కడ నిండాలో ఎవరూ చెప్పరు.
అడుగున. అడుగున నిండాలి.

తర్వాత గేరు.
పదకొండు పళ్ళది తీసి తొమ్మిది పళ్ళది వేశాను.
ఆ పళ్ళు కొన్నవే, అన్నీ నేనే చేయలేను కదా.
లోకం వేగానికి డబ్బు పోస్తుంది,
నేను రెండు నెలల ఓవర్‌టైము పోసి నెమ్మది కొన్నాను.

ఆదివారం బర్బేజ్ గుట్ట. తుంపర.
ఊదా పొదల్లో తిరగళ్ళు పడి ఉంటాయక్కడ,
చెక్కి, గుండ్రం చేసి,
కొనేవాళ్ళు రాక వదిలేసినవి.
ఒక్క గింజా నలగలేదు వాటి కింద.
ఒకటి ఇంకోదాని మీద వాలి, నాచు పట్టి.

ముందు చక్రం అంచుని తడిమింది.
టైరు గంట్లు రాతి గరుకుని వెతుక్కున్నాయి.
స్పాంజి నలిగింది, ఒక ఇరుసు మబ్బు వైపు,
ఒకటి బురద వైపు.
పలక గీరుకుంది,
పంటి కింద రాయి పడ్డ చప్పుడు.
నా దవడ బిగుసుకుంది.
క్రోషా ఊపిరి బిగబట్టాడో, దగ్గు ఆపుకున్నాడో.

అడుగు దూరానికి నాలుగు నిమిషాలు.
ఎక్కింది.

ఎక్కిన సంబరంలో నేను చూసుకోలేదు:
నడిమి కంతలో, గింజలు పోసే నోట్లో,
ముందు చక్రం దిగబడింది.
ముందుకి. వెనక్కి. మళ్ళీ ముందుకి.
ఇత్తడి కిందికే లాగుతోంది, నేర్పినట్టే.

బ్యాటరీ తీసేసి చెయ్యి పెట్టాను, మోచేతి దాకా.
చల్లటి వాననీళ్ళు, కుళ్ళిన ఆకు,
లోపలి గోడన ఉలి దెబ్బలు,
వేలికి ఒక్కోటీ విడివిడిగా తగులుతూ.
అన్నీ ఒకే వైపు వాలాయి.
ఎడమచేతి వాటం మనిషి అయి ఉంటాడు.
ఒకచోట రెండు దెబ్బలు లోతు తక్కువ,
అలిసిపోయాడో, ఎవరైనా పిలిచారో.

"బండి దొరికిందా?" అన్నాడు క్రోషా గొడుగు కింద నుంచి.
ఉండండి, అన్నాను,
లెక్కపెడుతున్నాను.
పై వరస, ఎడమ వైపు